యంత్రం మిగిల్చిన సమయం ఎవరికి పోయింది?

సంపాదకులకు,

మీ సంపాదకీయ పేజీలో పని గంటల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఎనిమిది గంటల పనిదినం పాతకాలపు అలవాటు, పోటీ ప్రపంచంలో నిలబడాలంటే దాన్ని వదులుకోవాలి, ఎక్కువ గంటలు పనిచేసే దేశమే ముందుకు పోతుంది అని దాని సారాంశం. రాసినవారు బాగా చదువుకున్నవారే. కానీ అంత పొడుగు వ్యాసంలో పనిచేసే మనిషి ఒక్కచోట కూడా లేదు. గంటలు ఉన్నాయి, ఉత్పత్తి ఉంది, వృద్ధి రేటు ఉంది. ఆ గంటలు ఎవరి ఒంట్లోంచి రావాలో చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను స్పిన్నింగ్ మిల్లులో రింగ్‌ఫ్రేమ్ దగ్గర సైడర్‌గా పనిచేసి రిటైరయ్యాను. చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆర్థికశాస్త్రం, చరిత్ర యూనియన్ క్లాసుల్లోనే నేర్చుకున్నాను. నేను సోషలిస్టుని. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే కింద రాసేదంతా ఆ వైపు నుంచి చూసి రాస్తున్నదే.

రింగ్‌ఫ్రేమ్ అంటే ఏమిటో తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. అది దూదిని నూలుగా వడికే యంత్రం. ఒక్కో ఫ్రేమ్‌కి రెండు వైపులా వందలకొద్దీ స్పిండిళ్ళు ఉంటాయి. ప్రతి స్పిండిల్ మీదా ఒక బాబిన్, దాని మీద ఒక పోగు చుట్టుకుంటూ ఉంటుంది. పోగులు తెగుతూనే ఉంటాయి. ఎక్కడ తెగిందో చూసుకుంటూ నడవడం, తెగినచోట అతకడం, ఇదీ సైడర్ పని. మోకాలితో బ్రేకు నొక్కి స్పిండిల్ ఆపాలి, బాబిన్ మీద కొస వెతికి పట్టుకోవాలి, దాన్ని ట్రావెలర్ అనే చిన్న కొక్కెంలోంచి తీసి పైన రోలర్ దగ్గర జారుతున్న దూది పాయకు ఆనించి బ్రేకు వదలాలి. అలవాటుపడ్డ చేతికి కొన్ని సెకన్ల పని. కొత్తగా చేరినవాళ్ళకు వేళ్ళు కోసుకుపోతాయి. గాల్లో ఎప్పుడూ దూది పీచు ఉంటుంది, చెవుల్లో ఎప్పుడూ హోరు ఉంటుంది. షిఫ్టు మొత్తం నడకే.

నేను చేరినప్పుడు మనిషికి రెండు ఫ్రేములు. తర్వాత మూడు చేశారు, ఆ తర్వాత నాలుగు. పెంచిన ప్రతిసారీ ఒకటే మాట చెప్పారు: మిషన్లు మెరుగయ్యాయి, పోగు తెగడం తగ్గింది, కాబట్టి ఒక మనిషి ఎక్కువ చూసుకోవచ్చు. మిషన్లు మెరుగైన మాట నిజమే. కానీ దాంతోపాటు వేగం కూడా పెంచారు. నిమిషానికి పది వేల చుట్లు తిరిగే స్పిండిళ్ళ చోట పదహారు వేల చుట్లు తిరిగేవి వచ్చాయి. వేగం పెరిగితే తెగడం మళ్ళీ పెరుగుతుంది. మొదట్లో ఒక పోగు తెగి ఇంకొకటి తెగేలోపు ఫ్రేమ్ చివర నిలబడి మంచినీళ్ళు తాగేంత ఖాళీ దొరికేది. పక్క సైడు ఆమెతో ఒక మాట మాట్లాడేంత ఖాళీ దొరికేది. ఆ చిన్న చిన్న ఖాళీలన్నీ ఒక్కొక్కటే పోయాయి. చివరి రోజుల్లో బాత్రూంకి వెళ్ళాలన్నా "కాస్త నా సైడు చూడవే" అని అడగడానికి మనిషి లేదు, ఎవరి సైడు చూసుకోవడానికి వాళ్ళకే చేతులు చాలేవి కావు. గేటు దగ్గర పంచింగ్ మిషన్ మాత్రం అన్నాళ్ళూ ఎనిమిది గంటలనే చూపించింది.

పని గంటలు పెరగకపోతే ఉత్పత్తి పెరగదని వ్యాసకర్త అన్నారు. మా మిల్లులో గంటలు పెరగలేదు, ఒక్కో మనిషి తీసే నూలు మాత్రం రెట్టింపు దాటింది. మరి ఆ పెరిగిన నూలు విలువ ఎవరికి పోయింది? జీతాలు పెరిగాయి, కాదనను. ప్రతి పెంపుదలకూ గేటు ముందు కూర్చోవలసి వచ్చింది. అది కూడా నూలు పెరిగినంత పెరగలేదు. రెండు ఫ్రేములకు ఒక మనిషి ఉన్నచోట నాలుగింటికి ఒక మనిషి అయితే, సగంమంది ఇంటికి పోయినట్టే కదా. పోయినవాళ్ళను ఎవరూ మెడపట్టి గెంటలేదు. రిటైరైనవాళ్ళ చోట కొత్తవాళ్ళను తీసుకోలేదు, తీసుకున్న కొద్దిమందినీ కాంట్రాక్టు కింద పెట్టారు.

దీన్ని కార్ల్ మార్క్స్ చాలా తేలిగ్గా విడమరిచి చెప్పాడు. యజమాని కొనేది మన పనిని కాదు, పనిచేసే శక్తిని. రేపు మళ్ళీ షిఫ్టుకి రావడానికి మనకు ఎంత కావాలో దాని చుట్టూ జీతం తిరుగుతుంది. మాటవరసకు మూడు గంటల పనితో మన జీతానికి సరిపడా విలువ వచ్చేస్తుందనుకోండి. మిగిలిన అయిదు గంటలు మనం ఇంటికి పోము, అక్కడే నిలబడి పనిచేస్తాం. ఆ అయిదు గంటల్లో పుట్టేదే అదనపు విలువ. లాభం, వడ్డీ, అద్దె అన్నీ అందులోంచే పంచుకుంటారు. జీతం ఒక్క రూపాయి ఎగ్గొట్టకుండా, చట్టం ఒక్కటి మీరకుండా ఇదంతా జరుగుతుంది. అదనపు విలువను పెంచడానికి యజమానికి ఉన్న దారుల్లో రెండు: రోజును పొడుగు చెయ్యడం, లేదా అదే రోజులో పనిని చిక్కబరచడం. మాకు రెండోది చేశారు. మీ వ్యాసకర్త ఇప్పుడు రెండోదాని మీద మొదటిది కూడా కావాలంటున్నారు.

ఈ వాదన కొత్తదేమీ కాదు. 1837లో ఇంగ్లండులో నస్సావ్ విలియం సీనియర్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు మిల్లు యజమానుల తరఫున ఒక లెక్క చెప్పాడు. మిల్లుకు నికర లాభమంతా రోజులో చివరి గంటలోనే వస్తుందనీ, ఆ గంట తగ్గిస్తే లాభమే ఉండదనీ అన్నాడు. పదేళ్ళకు, 1847లో, ఆడవాళ్ళకూ పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకూ బట్టల మిల్లుల్లో పది గంటల చట్టం వచ్చింది. ఇంగ్లండు బట్టల పరిశ్రమ కూలిపోలేదు, ఇంకా పెరిగింది. అసలు చట్టం రాకముందే, 1844లో, ప్రెస్టన్‌లో గార్డ్‌నర్ అనే యజమాని తన మిల్లుల్లో రోజును పన్నెండు గంటల నుంచి పదకొండుకు తగ్గించి చూశాడు. ఏడాది తిరిగేసరికి అదే ఖర్చుకు అంతే ఉత్పత్తి వచ్చింది. కార్మికుల జీతమూ తగ్గలేదు.

ఆ లెక్కలో మా లాంటివాళ్ళు గమనించవలసింది ఇంకొకటి ఉంది. గంట తగ్గినా ఉత్పత్తి తగ్గలేదంటే, పదకొండు గంటల్లో పన్నెండు గంటల పని పట్టించారన్నమాట. కార్మికులు పోరాడి గంటలు తగ్గించుకున్న ప్రతిచోటా, యజమానులు ఉన్న గంటల్లో పనిని కూరుతూ వచ్చారు. అమెరికాలో టేలర్ అనే ఇంజనీరు స్టాప్‌వాచ్ పట్టుకుని ఇదే పనిని శాస్త్రం చేశాడు. బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మెలు మోసే కార్మికుడు రోజుకు పన్నెండున్నర టన్నులు మోసేవాడనీ, తన పద్ధతిలో నలభై ఏడున్నర టన్నులు మోయించాననీ ఆయనే రాసుకున్నాడు. మోత దాదాపు నాలుగింతలైంది. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది, అంటే రెండింతలు కూడా కాలేదు. ఆయన దీన్ని గొప్పగానే చెప్పుకున్నాడు. నాకు మాత్రం మా మిల్లు నోటీసు బోర్డు మీద పని లెక్కల కాగితం గుర్తొచ్చింది.

చదువరులు కొందరు అనుకోవచ్చు, యజమాని మంచివాడైతే ఇవన్నీ ఉండవు కదా అని. నేను మంచి యజమానుల్ని చూశాను. పెళ్ళిళ్ళకు వచ్చేవారు, జబ్బుపడితే అడ్వాన్సు ఇప్పించేవారు. అయినా ఫ్రేములు పెంచారు. పక్క మిల్లువాడు పెంచితే ఈ మిల్లువాడు పెంచక తప్పదు, లేకపోతే నూలు ధర దగ్గర వాడు వీణ్ణి ముంచేస్తాడు. దీనికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం 1863 నాటిది. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ పింగాణీ కర్మాగారాల యజమానులు, ఇరవై ఆరు సంస్థలవాళ్ళు, పేరుమోసిన వెజ్‌వుడ్ వాళ్ళతో సహా, ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. పిల్లల పని గంటలు తగ్గించడానికి చట్టం చేయండి, పోటీ వల్ల మా అంతట మేము తగ్గించలేకపోతున్నాం అని. చిన్నపిల్లలతో అన్ని గంటలు పని చేయించడం తప్పని తెలిసినవాళ్ళు కూడా ఆపలేకపోయారు! అందుకే నేను ఏ యజమాని గుణగణాల జోలికీ పోను. నా గొడవ ఈ ఏర్పాటుతోనే.

ఈ ఏర్పాటు మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో అదే 1863లో లండన్‌లో బయటపడింది. మేరీ ఆన్ వాక్‌లీ అనే ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఒక బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసేది. రాకుమారి గౌరవార్థం జరిగే నృత్య విందుకు దొరసానుల గౌన్లు తయారు కావాలి. ఆ పిల్ల మరో అరవైమందితో కలిసి, గదికి ముప్ఫైమంది చొప్పున గాలి ఆడని గదుల్లో, ఏకధాటిగా ఇరవై ఆరున్నర గంటలు కుట్టింది. శుక్రవారం జబ్బుపడింది, ఆదివారం చనిపోయింది. గాలి లేని గదిలో మితిమీరిన పనే కారణమని డాక్టరు సాక్ష్యం చెప్పాడు. అప్పట్లో లండన్ పత్రికలు దీని మీద గట్టిగానే రాశాయి.

నూటయాభై ఏళ్ళు గడిచాయి. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు, ఎక్కువమంది బట్టలు కుట్టే ఆడవాళ్ళే. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చాయి. అదే భవనంలో ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని పంపించేసింది, కింద దుకాణాలు మూసేశారు. కుట్టుపనివాళ్ళను మాత్రం తెల్లారి మళ్ళీ పైకి ఎక్కించారు. రాకపోతే నెల జీతం ఆగిపోతుందని బెదిరించారు. పగుళ్ళు వాళ్ళూ చూశారు, భయం వాళ్ళకూ ఉంది. నెలజీతం చేతిలో పడకపోతే ఇల్లు గడవనివాళ్ళు ఏం చేస్తారు? కార్మికుడు తన ఇష్టంతోనే ఒప్పందం చేసుకుంటాడు అని మన పుస్తకాల్లో రాస్తారే, ఆ ఇష్టం సంగతి ఇది.

కూలిపోయే భవనాలే చంపుతాయనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం వల్ల ఒక్క 2016లోనే పక్షవాతంతోనూ గుండెజబ్బుతోనూ సుమారు 7,45,000 మంది చనిపోయారని అందులో తేలింది. 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే ఇలాంటివారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. వ్యాసకర్త లెక్కల్లో ఈ లెక్క ఎందుకు చేరలేదో నాకు అర్థం కాలేదు. ఆయన అడుగుతున్న గంటలు సరిగ్గా ఆ గీత దాటేవే.

"కార్మికులే ఓవర్‌టైం అడుగుతున్నారు" అని ఆయన ఒక వాక్యం రాశారు. అవును, అడుగుతాం. నేనూ అడిగాను. పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో రెండు షిఫ్టులు వరసగా నిలబడిన రోజులున్నాయి. ఎనిమిది గంటల జీతంతో నెల గడిస్తే పదహారు గంటలు నిలబడాలని ఎవరికి సరదా? జీతాన్ని అంత తక్కువలో పెట్టి, ఓ.టి. కోసం మనిషి క్యూలో నిలబడితే అది ఇష్టమని రాసుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

ఇప్పుడు ఇంకో రకం పని వచ్చింది. ఫోన్‌లో యాప్ పెట్టుకుని బండి మీద తిరిగే పిల్లలకు షిఫ్టు లేదు, గేటు లేదు, సూపర్‌వైజర్ లేడు. స్వేచ్ఛ అంటారు. ఆర్డరు కోసం రోడ్డు పక్కన ఎదురుచూసే సమయానికి పైసా రాదు. మాకు ఫ్రేమ్ ఆగిపోతే, కరెంటు పోతే కూడా ఆ గంట జీతం వచ్చేది. ఆ ఖాళీ గంట నష్టం యజమాని ఖాతాలో పడేది. ఇప్పుడు అది కార్మికుడి ఖాతాలో పడుతోంది. బ్రిటన్‌లో ఉబర్ డ్రైవర్లు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడితే, 2021 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు, యాప్ తెరిచి రైడ్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న సమయమంతా పని సమయమేనని తీర్పు చెప్పింది. మా తాతల కాలంలో గెలుచుకున్నదాన్ని ఈ పిల్లలు మళ్ళీ మొదటినుంచి గెలుచుకోవాల్సి వస్తోంది.

ఎనిమిది గంటలు ఎవరో దయతో ఇచ్చినవి కావు. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి అన్న నినాదాన్ని రాబర్ట్ ఓవెన్ 1817లోనే ఇచ్చాడు. 1862లో హౌరా రైల్వే కార్మికులు ఎనిమిది గంటల కోసం పని ఆపారు, షికాగోకన్నా ఎంతో ముందు. 1886 మే నెలలో అమెరికాలోని షికాగోలో ఎనిమిది గంటల కోసమే సమ్మె, మరుసటి ఏడాది నవంబర్ 11న ఆ ఉద్యమంలోని నలుగురికి ఉరి. 1917లో రష్యాలో కార్మికుల ప్రభుత్వం వచ్చిన కొద్ది రోజుల్లోనే ఎనిమిది గంటల ఆజ్ఞ జారీ చేసింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంగా రోజుకు ఎనిమిది, వారానికి నలభై ఎనిమిది గంటలు అని రాసింది. ఇవాళ పత్రికలో ఒక వ్యాసంతో కొట్టిపారేసేది ఈ వరసనంతా.

ఆ నినాదంలో నాకు ఒక లోటు ఎప్పుడూ కనిపిస్తుంది. మా యూనియన్‌లో కూడా చాలాసార్లు అన్నాను, అప్పట్లో మగవాళ్ళకు నచ్చలేదు. పని, వినోదం, విశ్రాంతి అని మూడు భాగాలు చేసినప్పుడు వంట ఏ భాగంలో పెట్టారు? మంచాన పడ్డ అత్తగారిని చూసుకోవడం ఎందులో పెట్టారు? మిల్లు దిగిన ఆడది ఇంటికొచ్చి రెండో షిఫ్టు మొదలుపెడుతుంది, దానికి పంచింగ్ లేదు. మగ కార్మికుడు తెల్లారి మళ్ళీ పనికి పోగలిగేలా అన్నం పెట్టి, బట్టలుతికి పంపే ఆ పని లేకపోతే ఏ మిల్లూ నడవదు. యజమాని దానికి ఒక్క పైసా కట్టడు. షిఫ్టును పన్నెండు గంటలు చేస్తే మగవాడికి విశ్రాంతి తగ్గుతుంది, ఆడదానికి అసలు ఉద్యోగమే పోతుంది. మా లైన్లోనే పెళ్ళైన ఆడవాళ్ళు ఎందరో రెండు షిఫ్టులు చేయలేక మానేశారు.

సోషలిస్టు దేశాల్లో ఏం వెలగబెట్టారు అని అడిగేవారికి సమాధానం చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉంది. 1935 ఆగస్టులో సోవియట్ యూనియన్‌లో స్టఖనోవ్ అనే గని కార్మికుడు ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తీశాడని, అది నిర్ణయించిన పనికి పద్నాలుగింతలని ఊరూరా చాటారు. మరుసటి ఏడాది పరిశ్రమల్లో పని కొలతలు పెంచేశారు. నా దృష్టిలో అది టేలర్ స్టాప్‌వాచే. గోడ మీద జెండా రంగు మారినంత మాత్రాన ఫ్రేమ్ దగ్గర నిలబడ్డ మనిషికి ఒరిగేదేమీ లేదు. ఎంత వేగంగా తిప్పాలి, మనిషికి ఎన్ని ఫ్రేములు, మిగిలిన సమయం ఏం చేసుకోవాలి అనేది ఆ ఫ్రేముల దగ్గర పనిచేసేవాళ్ళు కూర్చుని తేల్చుకోగలిగినప్పుడే నేను దాన్ని సోషలిజం అంటాను.

సోషలిస్టు కాని కీన్స్ అంతటి ఆర్థికవేత్త 1930లో, వందేళ్ళు గడిచేసరికి మనుషులు వారానికి పదిహేను గంటలు పనిచేస్తే సరిపోతుందని ఊహించాడు. ఆ వందేళ్ళు నిండే రోజు ఎంతో దూరంలో లేదు. ఉత్పత్తి పెరుగుతుందన్న ఊహ తప్పలేదు. యంత్రాలు ఆయన అనుకున్నంత పనీ చేశాయి. కానీ యంత్రం ఎవరి సొత్తో అది మిగిల్చే సమయం కూడా వాళ్ళదే అయింది. వాళ్ళు దాన్ని లాభంగా తీసుకున్నారు. మాకు అది నాలుగు ఫ్రేములుగా, రిటైరయ్యాక ఎవరినీ తీసుకోని పక్క సైడు ఆమె చోటుగా వచ్చింది. రేపు కంప్యూటర్ మేధ పేరుతో ఆఫీసుల్లో జరగబోయేదీ ఇదే లెక్క. ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళు ఇది కూలివాళ్ళ గొడవ అనుకోకుండా ఉంటే మంచిది.

సంపాదకులను నేను రెండు కోరుతున్నాను. పని గంటల మీద ఇకముందు ఎవరు వ్యాసం రాసినా, ఒక గంట పనికి ఉత్పత్తి ఎంత పెరిగిందో, అదే కాలంలో ఒక గంటకు కూలి ఎంత పెరిగిందో పక్కపక్కనే అచ్చువేయండి. రెండోది, ఆ పేజీలో కార్మికులకు కూడా చోటివ్వండి. మా మిల్లులో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళలో నాకన్నా బాగా చెప్పగలిగిన అమ్మాయిలున్నారు. కూర్చుని రాసే తీరిక వాళ్ళకు లేదు, కాబట్టి రెండో షిఫ్టు వదిలే వేళకు మీ విలేకరిని ఏ మిల్లు గేటు దగ్గరకైనా పంపించండి. కాంట్రాక్టు వాళ్ళ పేర్లు మాత్రం అచ్చు వేయకండి, తెల్లారి వాళ్ళను లోపలికి రానివ్వరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు